పరుల గడపలో మన మాట

(జుమా ప్రసంగం – జనగామ)

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

"నన్ను గ్రూపు నుండి తీసేశారు, నా వాక్ స్వాతంత్ర్యాన్ని హరించారు" అనే ఫిర్యాదు ఈమధ్య తరచుగా వినవస్తోంది.

రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం పౌరులకు భావప్రకటనా స్వేచ్ఛను ప్రసాదించింది. అది ముఖ్యంగా ప్రభుత్వానికి గీసిన హద్దు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టివేసింది ఆ హామీ ఆధారంగానే. అయితే ఆ తీర్పు పోలీసుల చేయి పట్టుకున్నదే గాని, పొరుగువాని తలుపును మనకోసం తెరవలేదు.

నూర్ సూరా 27, 28 ఆయతులను చూడండి. పరుల ఇళ్లలోకి అనుమతి కోరి, సలామ్ చేసిన పిదపే ప్రవేశించాలి. తిరిగి పొమ్మంటే పోవాలి. అదే పరిశుద్ధమైన పద్ధతి అని అల్లాహ్ సెలవిచ్చాడు. పొమ్మన్నవాడు కారణం చెప్పాలన్న షరతు అక్కడ లేదు! ఇందులో ఖలీఫాకూ మినహాయింపు లేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి గోడ దూకి ఒకని తప్పును పట్టుకోగా, తాను ఒక తప్పు చేస్తే ఖలీఫా మూడు చేశారని అతడు ఎదురు చెప్పిన వృత్తాంతం ప్రసిద్ధమైనదే. గూఢచర్యం, ద్వారం విడిచి రావడం, అనుమతి లేని ప్రవేశం – ఇవీ ఆ మూడు.

'ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు' అన్న బోర్డు ఉన్న హోటల్లో మనం ఛాయ్ తాగి మౌనంగా లేచి వస్తాం. ఇతరులు తమ పనికోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపూ అటువంటిదే. పైగా తొలగించడం ఒక్కోసారి అడ్మిన్‌కు హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. 2018 జూలైలో బీదర్ జిల్లా ముర్కి గ్రామంలో ఏం జరిగింది? పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, పిల్లల్ని ఎత్తుకుపోయేవారన్న పుకారు వాట్సాప్‌లో ముందే పరుగెత్తి, హైదరాబాద్ యువకుడొకణ్ణి జనం కొట్టి చంపారు. అరెస్టయినవారిలో గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు. వార్తను నిర్ధారించుకోమన్న హుజురాత్ సూరా 6వ ఆయతు ఆనాడు ఒక్కరికి గుర్తొచ్చినా ఆ ప్రాణం నిలిచేదేమో.

ఇక కమిటీ పెద్దలు కూడా వినాలి. మస్జిదులు అల్లాహ్‌వని జిన్న్ సూరా 18వ ఆయతు చాటుతోంది. వక్ఫ్ ఆస్తి ముతవల్లీ సొంత వాకిలి కాదు, అమానతు. కనుక మస్జిద్ పేరిట నడిచే గ్రూపుకు సొంతింటి నియమం పూర్తిగా వర్తించదని నా అభిప్రాయం. దూషించినవాణ్ణి తొలగించండి, తప్పు లేదు. దుకాణాల కిరాయి లెక్క అడిగినవాణ్ణి తొలగిస్తే మాత్రం అది నోరు నొక్కడమే. జమాఖర్చుల కాగితం వుజూఖానా పక్కన అంటిస్తే సగం తగాదాలు ఫోన్లలోకి ఎక్కవు.

లెక్కల గురించి గాని, నా గురించి గాని అభ్యంతరం ఉన్నవారు నమాజు ముగిశాక రండి. అస్ర్ దాకా ఇక్కడే కూర్చుంటాను.