సిగరెట్ కంపెనీల మీద రాష్ట్రాలే కేసు వేస్తే?

సిగరెట్ తాగి క్యాన్సర్ వస్తే కంపెనీ మీద కేసు వేయొచ్చా? అమెరికాలో 1950ల నుంచి నలభై ఏళ్లు వేస్తూనే ఉన్నారు. కంపెనీలు దాదాపు పైసా కట్టలేదు. వాళ్ల లాయర్లది ఒకటే మాట, "తాగమని మేం బలవంతపెట్టామా?" జ్యూరీ కూడా నిజమే కదా అనేది.

1994లో మిసిసిపీ రాష్ట్ర అటార్నీ జనరల్ మైక్ మూర్ ఇంకో దారి పట్టాడు. కేసు వేసింది తాగిన మనిషి తరఫున కాదు, రాష్ట్ర ఖజానా తరఫున! అక్కడ పేదల వైద్యానికి మెడికెయిడ్ ఉంది, మన ఆరోగ్యశ్రీ లాంటిదనుకోండి. ఆస్పత్రి బిల్లు ప్రభుత్వానిది. ఖజానా ఎప్పుడూ సిగరెట్ ముట్టలేదు, మరి ఆ ఖర్చు అదెందుకు భరించాలి? ఈ వాదనకి "నీ ఇష్టంతో తాగావు" అనే జవాబు పనిచేయదు. తమాషా ఏంటంటే, ఈ కేసు ఆపమని సొంత గవర్నరే కోర్టుకెళ్లాడు.

తర్వాత ఒక్కో రాష్ట్రం వచ్చి చేరింది. నాలుగు రాష్ట్రాలు ముందే విడిగా రాజీపడ్డాయి. 1998 నవంబర్‌లో మిగతా 46 రాష్ట్రాలతో నాలుగు పెద్ద కంపెనీలు ఒప్పందం చేసుకున్నాయి. 25 ఏళ్లలో సుమారు 206 బిలియన్ డాలర్లు. రోడ్ల పక్క హోర్డింగులు బంద్, యాడ్స్‌లో కార్టూన్లు బంద్, బ్రాండ్ పేరున్న టీషర్టులు, టోపీలు బంద్.

నా లెక్కలో డబ్బు కన్నా విలువైనవి బయటపడ్డ కాగితాలు. మిన్నెసోటా కేసు వల్ల కంపెనీల లోపలి పత్రాలు లక్షల పేజీలు జనం చేతికొచ్చాయి. 1994లో ఏడుగురు కంపెనీ పెద్దలు అమెరికా కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కాదనే నమ్ముతున్నామన్నారు. లోపలి కాగితాల్లో మాత్రం అది వ్యసనమేనని ఎప్పుడో రాసుకున్నారు.

ఇక మెలిక. ఆ డబ్బు కట్టింది ఎవరు? ఒప్పందం కాగానే కంపెనీలు ప్యాకెట్ మీద 45 సెంట్లు పెంచేశాయి. అంటే కట్టింది తాగేవాళ్లే. ధర పెరిగితే కుర్రాళ్లు తక్కువ కొంటారు, అది మంచిదే. కానీ రాష్ట్రాలకి వచ్చే వాటా అమ్మకాలతో ముడిపడి ఉంది. సిగరెట్లు తక్కువ అమ్ముడైతే రాష్ట్రానికీ తక్కువే! పైగా కొన్ని రాష్ట్రాలు రాబోయే డబ్బు చూపించి ముందే అప్పు తెచ్చుకున్నాయి. మాన్పించే కార్యక్రమాలకి వెళ్లింది కొంచెమే, చాలావరకు బడ్జెట్ లోటులో కలిసిపోయింది. నాకు మింగుడుపడనిది ఇదే.

అయినా పద్ధతి మాత్రం ఆగలేదు. 2022లో ఈ-సిగరెట్ కంపెనీ జూల్ 33 రాష్ట్రాలు, ప్యూర్టోరికోతో సుమారు 438 మిలియన్ డాలర్లకి రాజీపడింది. షరతుల్లో ఒకటి వినండి: యాడ్‌లో 35 ఏళ్ల లోపు మనిషి కనిపించకూడదు.