కొల్లూరు కరకట్ట నుంచి సూర్యలంక దాకా
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ కార్యదర్శి గారు ఇప్పటికే విపులంగా చెప్పారు. నన్ను మాత్రం "మీరు సైకిలు యాత్ర చేశారట గదా, దాన్ని గురించి పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. పది నిమిషాల్లో ముగుస్తుందని హామీ ఇవ్వలేను. సర్వీసులో ఉండగా కూడా నా రిపోర్టులు పొడుగని పై అధికారులు విసుక్కునేవారు.

నేను 1975లో నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరిన సంగతి మీలో చాలామందికి తెలుసు. చేరిన ఏడాదిలోనే సైకిల్ అడ్వాన్సు తీసుకుని ఒక సైకిలు కొన్నాను. నెలనెలా జీతంలోంచి ఆ వాయిదా కోస్తుంటే మా అమ్మ "ఆ డబ్బుతో గేదె వచ్చేది గదరా" అని సణిగేది. కొల్లూరు నుంచి పెనుమూడి దాకా కృష్ణ కరకట్ట అంతా ఆ సైకిలు మీదే తిరిగాను. వరదలొస్తే రాత్రిళ్లు టార్చిలైటు నోట కరుచుకుని తిరిగిన రోజులున్నాయి. రిటైరయ్యాక సైకిలు వసారాలో చేరింది. దాని క్యారేజీ మీద మా ఇంట్లో ఉల్లిపాయల బుట్ట పెట్టేవారు.

దాన్ని మళ్లీ దించడానికి కారణం జపాను. మా రెండోవాడు ఉద్యోగరీత్యా ఒసాకాలో ఉంటున్నాడు. 2023 నవంబరులో మేమిద్దరం వెళ్లాం. గుళ్లూ గోపురాలూ చూపిస్తాడనుకుంటే "నాన్నా, మూడు రోజులు సైకిలు యాత్రకు పేర్లిచ్చాను" అన్నాడు. నాకప్పుడు డెబ్భై ఏళ్లు. "ఇక్కడ కాలో చెయ్యో విరిగితే ఏ భాషలో ఏడుస్తారు?" అంది మా ఆవిడ. ఆవిడను సామాను వ్యానులో కూర్చోబెట్టారు. వాడూ నేనూ సైకిలెక్కాం.

హిరోషిమా ప్రాంతంలో ఒనోమిచి అని ఒక రేవు పట్నం ఉంది. అక్కడి నుంచి షికోకు దీవిలోని ఇమబారి దాకా సుమారు 70 కిలోమీటర్ల దారి. మధ్యలో ఆరు దీవులు, దీవికీ దీవికీ నడుమ పెద్ద పెద్ద వంతెనలు. షిమనామి కైదో అంటారు. 1999లో దారంతా పూర్తయింది. వంతెనల మీద కార్లకు వేరే దారి, సైకిళ్లకు వేరే దారి. రోడ్డు అంచున నీలిరంగు గీత గీశారు, దాన్ని పట్టుకుని పోతే తప్పిపోవడమన్నది ఉండదు. మన మాదిరే ఎడమ పక్కన నడవడం ఆ దేశంలోనూ ఉంది కాబట్టి నాకు కొత్త అనిపించలేదు. వంతెన ఎక్కే దారిని మెలికలు తిప్పి ఏటవాలు తగ్గించారు. పైగా నాకిచ్చింది బ్యాటరీ సైకిలు. పెడలు తొక్కితే వెనక నుంచి ఎవరో నెడుతున్నట్టుంటుంది. కింద సముద్రం మన సముద్రంలా ఘోషించదు, చెరువులా పడుకుని ఉంటుంది. కొండవాలున కమలా తోటలు, నిమ్మతోటలు. ఒకచోట రోడ్డు పక్క బల్ల మీద కమలాపళ్ల సంచులు పెట్టి, పక్కన డబ్బులు వేసే డబ్బా పెట్టారు. మనిషి లేడు. నేను సంచి తీసుకుని డబ్బులు వేసి, ఎవరైనా చూశారా లేదా అని వెనక్కి చూసుకున్నాను. ఎందుకు చూశానో నాకే తెలియదు!

అయితే ఆ ఊళ్లలో పిల్లల అలికిడి తక్కువ. ఆ దేశంలో నూటికి 29 మంది అరవై అయిదు దాటినవాళ్లేనట, ఆ దీవుల్లో ఇంకా ఎక్కువ కనబడ్డారు. తాళాలు వేసిన ఇళ్లు చాలా చూశాను. మన ఊరి అగ్రహారం వీధి గుర్తుకొచ్చింది. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను.

మాకు దారి చూపినాయన వయసు అరవై పైమాటే. ఆయనతో నాకు పేచీ ఏమిటంటే, చూడటానికేమీ లేని చోట ఆపేవాడు. సముద్రం బాగా కనబడే చోట పోనిచ్చి, ఏ గోడౌను నీడలోనో చెయ్యెత్తి ఆపేవాడు. నీళ్లు తాగమనేవాడు, ఒక్కొక్కరి ముఖం వంక చూసేవాడు, టైర్లు నొక్కి, బ్రేకులు పట్టి చూసేవాడు, మళ్లీ పదమనేవాడు. "నీలిగీత ఉండగా ఈయనెందుకు, డబ్బు దండగ" అన్నాను మావాడితో. వాడు నవ్వి ఊరుకున్నాడు.

తిరిగొచ్చాక ఈ కబుర్లు మన సంఘం అరుగు మీద చెబితే, "మన కరకట్టకేం తక్కువ?" అన్నారు మిత్రులు. సంవత్సరం పాటు అనుకోవడమే సరిపోయింది. ఆ లోగా 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద దాటింది. మన లంకలన్నీ మునిగాయి. కుర్రవాళ్లు రాత్రంతా కరకట్ట మీద ఇసుక బస్తాలు వేస్తుంటే, నేను ఇంట్లో కూర్చుని ఫోనులో వార్తలు చూసుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే ఉల్లిపాయల బుట్ట దించేశాను.

2025 జనవరిలో కనుమ వెళ్లిన మూడోనాడు ఏడుగురం బయలుదేరాం. అయిదుగురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. వారిలో ఒకరు రిటైరైన టీచరు గారు, ఒకరు ఏ.ఎన్.ఎం.గా చేసిన అక్కయ్య గారు. ఆ అక్కయ్య గారు ఉద్యోగకాలమంతా మందుల పెట్టె కట్టుకుని సైకిలు మీదే ఊళ్లు తిరిగిన మనిషి. సామాను, మంచినీళ్లు, మా ఆవిడ ఆటోలో. మూడు రోజులు, రోజుకు ముప్పై కిలోమీటర్లకు మించకూడదని నియమం. మొదటిరోజు రేపల్లె, రెండోరోజు నిజాంపట్నం, మూడోరోజు బాపట్ల మీదుగా సూర్యలంక. దారి చూపే మనిషి కావాలా అని ఎవరో అడిగితే "ముప్పయ్యేళ్లకు పైగా తిరిగిన కట్ట, నాకు గైడెందుకు?" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పొద్దున ఆరున్నరకు మంచు. ఎడమ చేతి వైపు అరటితోటలు, కంద, పసుపు, వాటి అవతల కృష్ణ. తోటల్లో చాలాచోట్ల సెప్టెంబరు వరద తెచ్చిన ఒండ్రు ఇంకా పగుళ్లిచ్చి ఉంది. కుడివైపు కోసిన వరి మళ్లలో పచ్చగా మినుము. 1855లో బెజవాడ ఆనకట్ట కట్టిన దగ్గర నుంచి ఆ కుడివైపు బతుకంతా కాలువ మీద, ఎడమవైపు బతుకంతా నది దయ మీద. మధ్యలో ఈ మట్టికట్ట. ఓలేరు దగ్గర ఆగి, 2009 అక్టోబరులో గండిపడిన చోటు మావాళ్లకు చూపించాను. ఇప్పుడక్కడ గడ్డి మొలిచి, ఏమీ జరగనట్టే ఉంది.

ఆ తర్వాత నేను చేసిందే పొరపాటు. దారి మధ్యలో భట్టిప్రోలు స్తూపం చూపించాలని కట్ట దిగి లోపలికి తీసుకెళ్లాను. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించగా ధాతువుల పేటికలూ, వాటి మీద బ్రాహ్మీ అక్షరాలూ బయటపడింది అక్కడే. అంతకుముందే ఆ దిబ్బ ఇటుకలూ రాళ్లూ రోడ్ల పనులకూ కాలువ పనులకూ ఎత్తుకుపోయారని చదివాను. మా శాఖ పూర్వులే కాబోలు, తలవంచుకుని చెబుతున్నాను. అక్కడ ఉపన్యాసం దంచేసరికి పదకొండయింది. మళ్లీ కట్ట ఎక్కేసరికి మధ్యాహ్నం, సముద్రం మీది గాలి ఎదురు తిరిగింది. జనవరిలో పొద్దున పూట ఆ గాలి ఉండదు, మధ్యాహ్నం దాటితే ముఖాన కొడుతుంది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు.

పెనుమూడి ఇంకా కాస్త దూరం ఉందనగా మా ట్రెజరీ మిత్రుడు సైకిలు దిగి, స్టాండు వేయకుండానే వదిలేశాడు. చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. పొద్దున షుగరు మాత్ర వేసుకున్నాడు, ఇడ్లీ ఒక్కటే తిన్నాడు. ఎండదెబ్బేమోనని నేను తల మీద నీళ్లు పోయబోయాను. అక్కయ్య గారు నన్ను పక్కకు నెట్టి, సంచిలోంచి చక్కెర పొట్లం తీసి, నీళ్లలో కలిపి తాగించారు. పావుగంటకు మనిషి తేరుకున్నాడు. ఆటో ముందుకెళ్లిపోయింది, ఫోనుకు సిగ్నలు లేదు. ఆవిడ లేకపోతే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. గోడౌను నీడలో చెయ్యెత్తి ఆపి అందరి ముఖాలు చూసిన ఆ జపాను ఆయన అప్పుడు గుర్తుకొచ్చాడు.

ఆ రాత్రి రేపల్లె లాడ్జిలో అందరికీ క్షమాపణ చెప్పుకున్నాను. మా దగ్గర లస్కరుగా చేసినాయన కొడుకు రేపల్లెలో సైకిలు షాపు పెట్టుకున్నాడు. అతనికి కబురు చేస్తే పొద్దున్నే పంపు, పనిముట్లతో సహా వచ్చాడు. "మీరు మాట్లాడుతుంటే ఎవరూ ఆపమని అడగలేరు బాబాయ్. నేను ముందుంటా, మీరు చివరనుండండి" అన్నాడు. చివరనే ఉన్నాను. ముందున్న ఆరుగురి వీపులూ చూస్తూ తొక్కితే ఎవరు అలిసిపోయారో ఎంత బాగా తెలుస్తుందో!

అతను పెద్దరోడ్డు మీదికి పోనివ్వలేదు. మురుగుకాలువల గట్ల మీద, తాటితోపుల్లోంచి తీసుకెళ్లాడు. క్రమంగా వరి తగ్గి రొయ్యల చెరువులు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాలు, దూరాన మడ అడవి. నిజాంపట్నం రేవులో పడవలు చూశాం. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషువారి ఓడ మచిలీపట్నం వెళ్లేముందు ఇక్కడ ఆగి వర్తకులను దించింది. వాళ్లు దీన్ని పెటపోలి అని రాసుకున్నారు. ఈసారి ఉపన్యాసం రెండు నిమిషాల్లో ముగించాను.

మాతో వచ్చిన హెడ్మాస్టరు గారి సంగతి చెప్పాలి. ఆయన అనుమతితోనే చెబుతున్నాను. ఆయనది ఆ తీరంలోని ఒక చిన్న పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆయన గుంటూరులో చదువుకుంటున్నారు. ఆ ఉప్పెన దివిసీమను ఊడ్చేసిందని అందరికీ తెలుసు, మన రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల తీరాన్నీ వదల్లేదు. మొత్తం మీద పదివేల మంది పోయారని సర్కారు లెక్క. ఆయన తల్లి, చెల్లెలు ఆ రాత్రి పోయారు. మూడోనాడు వచ్చి చూస్తే ఇల్లెక్కడో కూడా గుర్తు దొరకలేదట. ఆ తర్వాత నలభై ఏడేళ్లు అటు వెళ్లలేదు. ముప్పై ఏళ్ల స్నేహంలో నాకీ మాట తెలియదు. తుపానుల కబుర్లు వస్తే లేచి వెళ్లిపోయేవారు, ఏదో పనుంది కాబోలనుకునేవాడిని.

ఆ సాయంత్రం ఆయనే లస్కరు కొడుకును పక్కకు పిలిచి పల్లె పేరు చెప్పారు. ఆ కుర్రవాడు తెలియదనలేదు, తెలుసనీ అనలేదు. ఎవరో ముసలి జాలరిని వెతికి పట్టుకొచ్చాడు. మర్నాడు పొద్దున అందరం వెళ్లాం. ఇళ్లు లేవు. చెరువులు, వాటి గట్లు. ఆ ముసలాయన ఒక గట్టు మూల ఆగి కాలితో మట్టి తన్ని చూపించాడు. పాత బావి ఒర తాలూకు ఇటుకలు కాస్త పైకి కనబడుతున్నాయి. హెడ్మాస్టరు గారు సైకిలు పడుకోబెట్టి అక్కడ కూర్చున్నారు. ఇసుక పడకుండా వాళ్లమ్మ ఆ బావి మీద తాటాకు తడిక కప్పేదట. రోజూ సాయంత్రం దాన్ని కప్పే పని చెల్లెలిదట. లస్కరు కొడుకు మమ్మల్నందర్నీ నూరు గజాల అవతల ఆపేశాడు. గంటసేపు ఎవరినీ కదలనివ్వలేదు. నేను గడియారం చూడబోతే చెయ్యి పట్టుకున్నాడు.

బాపట్ల దారి గురించి చెప్పవలసింది తక్కువ. ఇసుక నేలలు, వేరుశనగ, సరుగుడు తోటలు. సాంబమసూరిగా మనం తినే బి.పి.టి. 5204 వరి 1986లో వచ్చింది ఆ ఊరి పరిశోధన కేంద్రం నుంచే. ఆ ఊరికి నమస్కారం పెట్టి, భోజనం చేసి, ఇంకో తొమ్మిది కిలోమీటర్లు తొక్కి సూర్యలంక చేరాం. అందరూ నీళ్లలోకి దిగారు. హెడ్మాస్టరు గారు దిగలేదు, సైకిలు పట్టుకుని ఒడ్డునే నిలబడ్డారు. మా ఆవిడ వెళ్లి పక్కన నిలబడింది. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు. సైకిళ్లు వ్యానులో వేసి, మేం రైల్లో తెనాలి వచ్చాం.

వచ్చే సంక్రాంతి తర్వాత మళ్లీ వెళ్లాలనుకుంటున్నాం. ఈసారి దోనేపూడి నుంచి పోతార్లంక చూసుకుని మొదలుపెడదామని ఆలోచన. రాదలచినవారు కార్యదర్శి గారికి పేర్లివ్వండి. డాక్టరు గారి కాగితం, వేసుకునే మాత్రల జాబితా తప్పనిసరి. పద్ధెనిమిది మందికి మించితే రెండు జట్లు చేస్తామని లస్కరు కొడుకు అంటున్నాడు. నా పొరపాటు వల్ల ఇప్పుడు షరతులన్నీ అతనివే. సైకిలు లేనివారికి అతని షాపులో అద్దెకు దొరుకుతాయి, సీటు ఎత్తు సరిచేయించుకోవడానికి వారం ముందే వెళ్లండి. హెడ్మాస్టరు గారు మొదటి పేరు ఇచ్చేశారు. సెలవు.