జ్వరం పోయింది, కాళ్ళ నొప్పులు పోలేదు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని విద్యను గురించి మాట్లాడమన్నారు. విద్యను గురించి ప్రతి ఏడూ మాట్లాడుతూనే ఉన్నాం. ఈసారి కాళ్ళ నొప్పులను గురించి చెబుతామని మనవి చేసుకున్నాం. మేము డాక్టర్లం కాము, ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పుకునేవాళ్ళం. అయితే వానలు పడ్డాక ప్రతి ఏడూ మా క్లాసులో కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయి. "నిన్న ఎందుకు రాలేదురా" అంటే, "అమ్మీకి కాళ్ళు పట్టేశాయి సార్, నీళ్ళు నేనే మోశాను" అంటాడు పిల్లవాడు. కనుక ఇది కూడా విద్య సంగతే.

ఏ వైరస్ జ్వరం వచ్చినా ఒళ్ళు నొప్పులుంటాయి. ఫ్లూ వస్తే పిక్కలు, నడుము లాగుతాయి. జ్వరంతోపాటే అవీ తగ్గిపోతాయి. చికున్‌గున్యా అలా కాదు. జ్వరం మూడు నుంచి అయిదు రోజుల్లో దిగిపోవచ్చు, కీళ్ళు మాత్రం వదలవు. చీలమండలు, పాదాల చిన్న కీళ్ళు, మణికట్లు, వేళ్ళు రెండు వైపులా ఒక్కసారే పట్టుకుంటాయి. పొద్దున్నే మంచం దిగి నేలమీద కాలు మోపేసరికి ప్రాణం పోయినట్టుంటుంది. నాలుగడుగులు వేశాక కొంచెం సడలుతుంది.

ఈ పేరు విని మనవాళ్ళు కోడికూర మానేశారు! కోడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. 1952-53లో నేటి టాంజానియా దేశంలోని మకొండె పీఠభూమిలో ఈ జ్వరాన్ని మొదట గుర్తించారు. అక్కడి భాషలో 'వంగిపోయేలా చేసేది' అని ఆ మాటకు అర్థం. రోగి నడక చూసి పెట్టిన పేరన్నమాట. మన దేశంలో 1963లో కలకత్తాలో, 1964లో మద్రాసులో, 1965లో విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలలో వచ్చింది. తర్వాత చాలా ఏళ్ళు కనబడకుండా పోయి, 2005 చివర మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తింది. 2006లో దేశం మొత్తంమీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకు వచ్చాయి. ఆ ఏడు గోడ పట్టుకుని నడిచిన పెద్దలు ఈ సభలోనూ ఉన్నారు.

ఇంతకీ నొప్పి ఎందుకు? కీలు లోపల పల్చని పొర ఒకటుంది. వైరస్ ఆ పొరలోకి, నరాలని మనం అనుకునే స్నాయువుల తొడుగుల్లోకి చేరుతుంది. దాన్ని తరిమేందుకు ఒంట్లోని రక్షణశక్తి అక్కడికి వెళ్ళి పోరాడుతుంది. ఆ పోరాటంలో వచ్చేదే వాపు, సలుపు. శత్రువు వెళ్ళిపోయినా యుద్ధభూమి కొన్నాళ్ళు కాలుతూనే ఉంటుంది. చాలామందికి కొద్ది వారాల్లో తగ్గుతుంది. కొందరికి నెలలు, అరుదుగా ఏళ్ళు పడుతుంది. వయసు మళ్ళినవారికి, ముందునుంచీ కీళ్ళ జబ్బున్నవారికి ఎక్కువ కాలం ఉంటుంది.

ఇక్కడ మాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. మొగవాడికి జ్వరమొస్తే మంచం, పాలు, బ్రెడ్డు. ఇంటి ఇల్లాలికి జ్వరం దిగిన మర్నాడే వంటిల్లు. "బుఖార్ పోయింది కదా, ఇంకా ఏమిటి కుంటడం" అనే మాట మా చెవులారా విన్నాం. బీడీలు చుట్టే తల్లులకు వేళ్ళు మడవకపోతే ఆ రోజు కూలీయే లేదు. ఆమె చేసేది నాటకం కాదు, బద్ధకమూ కాదు. థర్మామీటరు చూపించని జబ్బు అది.

కూలి పోతుందనే భయంతోనే సూది మందు కోసం పరుగెత్తుతారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. డెంగ్యూ జ్వరాన్ని మనం 'హడ్డీ తోడ్ బుఖార్' అంటాం. అదీ ఈ దోమ వల్లనే వస్తుంది, అందులోనూ ఒళ్ళు విరుగుతుంది. ఏది ఏదో తేలకముందే ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటివి వేస్తే, అది డెంగ్యూ అయిన పక్షంలో రక్తస్రావం కావచ్చు. డెంగ్యూ కాదని డాక్టరు చెప్పేవరకు పారాసిటమాల్ ఒక్కటే, అదీ చెప్పిన మోతాదులోనే. ఒక్క సూదితో లేచి నడిపిస్తామనేవారిని అందులో ఏముందో అడగండి. తరచు అది స్టెరాయిడ్. షుగరున్నవారికి మరీ ముప్పు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. జ్వరం దిగుతున్న రోజుల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ రక్తం, నల్లని విరేచనం, మగత కనిపిస్తే రాత్రయినా సరే పెద్దాసుపత్రికి పోవాలి. డెంగ్యూ ముదిరేది ఆ రోజుల్లోనే.

కాళ్ళ విషయానికొస్తే, మొదటి వారం విశ్రాంతి, తలగడ మీద పాదాలు, ధారాళంగా నీళ్ళు, గంజి. గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టుకోవచ్చు. వేడినీళ్ళలో కాళ్ళు ముంచేముందు షుగరువాళ్ళు జాగ్రత్త, స్పర్శ తెలియక కాల్చుకుంటారు. వాపు తగ్గుతూ ఉంటే మంచంమీదే చీలమండలు మెల్లగా తిప్పాలి. బొత్తిగా కదల్చకపోతే కీళ్ళు బిగిసిపోతాయి. షాబాదు బండలమీద ఒట్టికాళ్ళతో నడవవద్దు, ఇంట్లోనూ మెత్తని చెప్పులుండాలి. గొంతుక్కూర్చుని అంట్లు తోమే పని కొన్నాళ్ళు ఇంకొకరు చేయాలి. మొగవాళ్ళు చేసినా అంట్లు శుభ్రపడతాయి! సజ్దా చేయలేనివారు కుర్చీలో కూర్చుని నమాజు చేసుకోవచ్చని ఆలిములు చెబుతూనే ఉన్నారు, మొహమాటపడనక్కరలేదు. ఒక్క కీలే ఎర్రగా కాలిపోతూ వాచినా, మూడు నెలలకూ నొప్పి తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి.

ఈ దోమ పగలు కుడుతుంది. మనిషినుంచి మనిషికి ముట్టుకుంటే రాదు. కాని మొదటి వారంలో రోగిని కుట్టిన దోమ పక్కవాణ్ణి కుడితే వస్తుంది. అందుకని రోగికి పగలు కూడా దోమతెర కట్టండి. గోళెం, కూలరు, ఫ్రిజ్జు వెనక ట్రే, మేడమీది పాత టైరు వారానికొకసారి ఖాళీ చేసి గోడలు రుద్ది కడగాలి. గుడ్లు గోడకంటుకుని నీళ్ళు లేకపోయినా నెలలు బతుకుతాయి. ఆరోగ్యశాఖవారు శుక్రవారం డ్రై డే అన్నారు. జుమాకు ముందు ఎలాగూ ఇల్లు కడుగుతాం కదా!

సభ అయ్యాక ఒకాయన, "మాస్టారూ, ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ వస్తుందా" అని అడిగారు. చికున్‌గున్యా ఒకసారి వస్తే మళ్ళీ రావడం చాలా అరుదు. డెంగ్యూ నాలుగు రకాలు, మళ్ళీ మళ్ళీ రావచ్చు, రెండోసారి మరింత గట్టిగా రావచ్చు. కాబట్టి "మాకు వచ్చి పోయింది" అని గోళెం మూత తీసి ఉంచవద్దని ఆయనకు చెప్పాం.