కణంలోని దారులకు పటం గీయడం



మనం తిన్న అన్నం శక్తిగా మారాలంటే కణంలో మెట్టు మెట్టుగా ఎన్నో మార్పులు జరగాలి. ఒక పదార్థం మరొకటి అవుతుంది. ఒక జన్యువు ఇంకొకదాన్ని పనిలోకి దింపుతుంది, వేరొకదాన్ని ఆపుతుంది. ఈ వరసలనే జీవ మార్గాలంటారు. శాస్త్రజ్ఞులు వీటిని బాణాలతో పటాలుగా గీస్తారు.

1995 నుంచి 2019 వరకు పరిశోధన పత్రాల్లో అచ్చయిన ఇలాంటి పటాలను కొందరు పరిశోధకులు వెతికి తీస్తే 64,643 దొరికాయి. అయితే అవి వట్టి బొమ్మలు. మనిషి చూసి తెలుసుకుంటాడు. కంప్యూటరుకు మాత్రం అవి రంగు చుక్కలే. మరి మళ్లీ మళ్లీ పనికొచ్చే పటం ఎలా ఉండాలి?

మొదటిది పేరు. మన వంకాయే కన్నడంలో బదనెకాయి, తమిళంలో కత్తిరిక్కాయ్. సంతలో కాయను చూపిస్తే సరిపోతుంది, కంప్యూటరుకు అలా చూపించలేం కదా! క్యాన్సరును అదుపు చేసే ఒక జన్యువును కొందరు పి53 అని, కొందరు టీపీ53 అని రాస్తారు. అమెరికాలోని ఎన్‌సీబీఐ సంస్థ పట్టికలో దాని సంఖ్య 7157. పటంలో పేరుతోపాటు ఆ సంఖ్యను జోడిస్తే తికమక ఉండదు.

రెండవది గీత. అది పెట్టెకు దగ్గరగా ఉంటే చాలదు, దానికి అతుక్కొని ఉండాలి. లేకపోతే కంప్యూటరు లెక్కలో ఆ రెండింటికీ సంబంధమే లేదు.

మూడవది గీత కొస. బాణమైతే ముందుకు నడపడం, అడ్డగీతైతే ఆపడం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం కృషి నుంచి వచ్చిన మందు మెథోట్రెక్సేట్. కణానికి అక్కరకొచ్చే రూపంలోకి ఫోలిక్ ఆమ్లాన్ని మార్చే ఎంజైమును అది అడ్డుకుంటుంది. అందుకే రక్త క్యాన్సరులో వాడతారు. అక్కడ అడ్డగీతకు బదులు బాణం వేస్తే మందు చేసే పనే తలకిందులవుతుంది.

ఇలా గీసిన పటం మీద రోగుల నుంచి సేకరించిన వేల జన్యువుల కొలతలను పరచవచ్చు. పెరిగినవి ఒక రంగులో, తగ్గినవి మరో రంగులో కనబడతాయి. ఏ దారి ఎక్కడ తెగిందో వెతకడానికి ఆధారం దొరుకుతుంది. గీతలో తప్పుంటే ఆ వెతుకులాటే దారి తప్పుతుంది.

2008లో మొదలైన వికీపాత్‌వేస్‌లో ఇటువంటి పటాలను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, దిద్దవచ్చు. సైన్సు చదువుతున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఈ మాట చెప్పండి: బొమ్మ అందంగా ఉంటే చాలదు, రేపు మరొకరికి అది పనికిరావాలి.