బిడ్డ తొలి ముద్ద - తల్లి కూలి

(గుడివాడలో వ్యవసాయ కూలీ స్త్రీల సభలో ఒక ఉపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)



అన్నలు లేచి వెళ్లొద్దు. పసిబిడ్డ తిండి ఆడవాళ్ల గొడవ ఒక్కటే కాదు. అది మన కూలి గొడవ, మన పేట గొడవ.

బందరు, గుడివాడ, దివిసీమ - ఇదంతా వరి పండే నేల. వరి కోతకు ముందే చేలో మినుము, పెసర చల్లుతారు. కాలవల్లో చేప, ఉప్పుటేరులో రొయ్య. నాటేది మనం, కోసేది మనం. మరి ఆరు నెలలు నిండిన మన బిడ్డ నోట్లోకి ఏం పోతోంది? పల్చటి గంజి. టీలో ముంచిన బిస్కెట్టు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో చాలినంత తిండి అందేది నూటికి 11 మందికే!

తల్లికి తెలివి లేక అంటారు కొందరు. నేను ఒప్పుకోను. చీకటితో లేచి వండి, నాట్లకు పోయి, పొద్దు వాలాక ఇల్లు చేరే మనిషి బిడ్డకి మూడు పూటలా ఎప్పుడు తినిపిస్తది?

అయినా తెలుసుకోవాల్సింది తెలుసుకోవాలి. పాలు మాన్పించటం వేరు, అన్నం మొదలుపెట్టటం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని నష్టపోతున్నాం. ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు, నీళ్లు కూడా అక్కర్లేదు. ఆరు నిండాక పాలొక్కటే చాలవు. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వ కూడా అప్పటికి తరిగిపోతుంది. అందుకని అన్నం మొదలుపెట్టాలి, పాలు మాత్రం ఆపకూడదు. రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వొచ్చు. రొమ్ముకి వేపాకు పూసి ఒక్కరోజులో మాన్పించటం బిడ్డకీ బాధే, తల్లికీ బాధే. మళ్లీ నెల తప్పితే పాలు చెడిపోతాయన్న మాట కూడా నిజం కాదు.

అన్నప్రాసన నాడే ఆవకాయ పెట్టమని ఎవరూ చెప్పటం లేదు. పంతులు ముహూర్తమూ అక్కర్లేదు. ఆరు నెలలు నిండటమే ముహూర్తం. మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు, చుక్క నూనె వేసి చేత్తో మెదపండి. గరిటె వంచితే జారిపోకూడదు, అంత చిక్కగా ఉండాలి. బిడ్డ పొట్ట చిన్నది, నీళ్లతో నింపితే బలం ఎక్కడిది? మొదట్లో రెండు మూడు చెంచాలు, రోజుకి రెండు మూడుసార్లు. తొమ్మిదో నెల నుంచి అరకప్పు, మూడు నాలుగుసార్లు. తోటకూర, మునగాకు, గుడ్డు, ముల్లు తీసిన చేప పెట్టండి. పెద్దకూర, కార్జం మన ఇళ్లలో వండేవే. మెత్తగా ఉడికించి నలిపి పెట్టండి, రక్తం పడుతుంది. మన తిండిని చూసి సిగ్గుపడమని చెప్పినవాళ్లెవరూ మన బిడ్డకి ఇంత ముద్ద పెట్టలేదు. సీసా పాలు వద్దు. తీరాన బోరు నీళ్లు ఉప్పు, చెరువు నీళ్లే గతి. కాచి చల్లార్చి పట్టండి, చేతులు సబ్బుతో కడగండి. విరేచనాలైతే పస్తు పెట్టొద్దు. పాలు, ఓఆర్ఎస్ నీళ్లు పడుతూ అన్నం పెడుతూనే ఉండండి, ఆస్పత్రికి తీసుకుపోండి.

ఇక మన హక్కు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు బిడ్డకి తిండి అంగన్‌వాడీ నుంచి ఇంటికి ఇవ్వాలి. మన దగ్గర బాలామృతం పేరుతో ఇచ్చేది అదే. ఎవరి దయా కాదు. ఆ కేంద్రం ఊళ్లో ఉండి మన పేట దూరమైతే ఎట్లా? 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పింది: ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని చోట, అడిగిన మూడు నెలల్లో పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు పెట్టాలి. అడిగామా మనం?

బడిలో నాకు కనపడేది ఇంకోటుంది. నాట్లొస్తే ఆడపిల్లల బెంచీలు ఖాళీ. ఎక్కడమ్మా అంటే, తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టు మీద. తల్లి కూలికి పోతే బిడ్డని చూసేది ఎనిమిదేళ్ల అక్క. తమ్ముడికి ముద్దా సరిగా అందదు, అక్కకి చదువూ అందదు. 2005 ఉపాధి హామీ చట్టంలో పని చోట ఐదుగురు పసిపిల్లలుంటే వాళ్లని చూడటానికి ఒక స్త్రీని కూలిచ్చి పెట్టాలని రాశారు. రైతు చేలో ఆ మాత్రం కూడా రాయలేదు.

1928లో బొంబాయి శాసన మండలిలో, ఫ్యాక్టరీ స్త్రీల ప్రసూతి సౌకర్యాల బిల్లును బాబాసాహెబ్ సమర్థించాడు. కాన్పు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి కావాలన్నాడు. చేలో వంగిన తల్లికి ఆ విశ్రాంతి ఇంకా రాలేదు.

కాబట్టి మూడు పనులు. పేటలో ఆరేళ్లలోపు పిల్లల్ని లెక్క రాయండి. కేంద్రం లేకపోతే అర్జీ పెట్టి రసీదు తీసుకోండి, మూడు నెలలు లెక్కపెట్టండి. నాట్ల రోజుల్లో పేట స్త్రీలే వంతులేసుకుని పిల్లల్ని ఒకచోట చూడండి, ఆ రోజు కూలి అందరూ తలా కాస్త వేసుకుని ఇవ్వండి. అన్నలారా, పొద్దున తినిపించే ముద్ద మీది. బిడ్డ మీది కూడా కదా!

జై భీమ్!