తాళాలు ఖైదీల దగ్గరే

జైళ్ళశాఖలో ముప్ఫయ్యేళ్ళు తాళాలగుత్తి మోసినవాణ్ణి. బ్రెజిల్‌లో 1972లో మారియో ఒట్టోబోని అనే న్యాయవాది తోటి క్రైస్తవులతో కలిసి మొదలుపెట్టిన ‘అపాక్’ జైళ్ళ గురించి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. అక్కడ సాయుధ కాపలా ఉండదు. తాళాలు ఖైదీల దగ్గరే! నంబరుతో కాదు, పేరుపెట్టి పిలుస్తారు. ప్రార్థనతోపాటు పని, చదువు, ఇంటివాళ్ళ రాకపోకలు. ప్రార్థిస్తేనే సౌకర్యాలంటే మాత్రం నేనొప్పను. అమెరికాలో అయోవా జైల్లో నడిచిన ఒక క్రైస్తవ కార్యక్రమానికి ప్రభుత్వ సొమ్మివ్వడం రాజ్యాంగవిరుద్ధమని 2006లో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది కూడా.

నా బ్యారక్‌లో ఒక ముసలాయన పదకొండేళ్ళున్నాడు. విడుదలనాడు రిజిస్టరులో వేలిముద్ర వేయించుకుంటూ మొదటిసారి ఆయన పేరు చదివాను. ఇప్పుడా పేరు గుర్తులేదు. నంబరు గుర్తుంది.