చక్రం బిగుసుకుంటే బండి జారుతుంది



తొలకరి వాన పడితే రోడ్డు మీది దుమ్ము, నూనె కలిసి జిడ్డు అవుతుంది. అప్పుడే బండ్లు ఎక్కువగా జారతాయి. దెబ్బలు తగిలేది బండి నడిపేవాళ్లకే కాదు. వెనక బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లికీ తగులుతాయి. ఇప్పుడు స్కూటర్లు నడిపే ఆడవాళ్లూ ఎందరో ఉన్నారు. అందుకే బ్రేకు సంగతి ఆడవాళ్లకు కూడా తెలియాలి.

బండి ఎందుకు జారుతుంది?

పాచి పట్టిన బండ మీద మెల్లగా అడుగు వేస్తే కాలు నిలుస్తుంది. ఒకసారి జారిందా, ఇక మాట వినదు. చక్రమూ అంతే. దొర్లుతున్నంతసేపు అది రోడ్డును పట్టుకుని ఉంటుంది. ఉన్నట్టుండి బ్రేకు గట్టిగా వేస్తే చక్రం బిగుసుకుపోతుంది. బండి మాత్రం ముందుకు జారుతూనే ఉంటుంది. కారు అయితే స్టీరింగ్ తిప్పినా తిరగదు. మోటారు సైకిల్ అయితే పక్కకు పడిపోతుంది.

ఏ.బి.ఎస్. అంటే ఏమిటి?

నర్సమ్మ సూది వేయడం చూశారు కదా! వెనక నొక్కితే ముందు నుంచి మందు వస్తుంది. కారు బ్రేకు కూడా అలాంటిదే. పెడల్ తొక్కితే సన్నని గొట్టంలో ఉన్న బ్రేకు ఆయిల్ ఒత్తిడి చక్రం దాకా పోతుంది. చక్రాన్ని పట్టి ఆపుతుంది.

చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటే ఏ.బి.ఎస్. జర్మనీలోని బాష్ కంపెనీ 1978లో దీన్ని కార్లకు తెచ్చింది. చక్రం దగ్గర ఉన్న సెన్సర్ దాని వేగాన్ని చిన్న కంప్యూటరుకు చెబుతుంది. చక్రం బిగుసుకోబోతుంటే కంప్యూటరు ఆయిల్ ఒత్తిడిని కాస్త వదులుతుంది. వెంటనే మళ్లీ పెంచుతుంది. ఒక్క సెకనులోనే ఇలా ఎన్నోసార్లు చేస్తుంది. మనిషి కాలికి అంత వేగం రాదు.

అప్పుడు పెడల్ కాలి కింద దడదడలాడుతుంది. బ్రేకు పాడైందని భయపడి కొందరు కాలు తీస్తారు. తీయకూడదు. గట్టిగా తొక్కిపట్టి, స్టీరింగ్ తిప్పి అడ్డం తప్పించాలి.

ట్రాక్షన్ కంట్రోల్ దీనికి చెల్లెలు లాంటిది. బురదలో చక్రం గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. అప్పుడు అది ఇంజను జోరు తగ్గిస్తుంది. కొన్ని కార్లలో ఊరికే తిరిగే చక్రానికి బ్రేకు కూడా వేస్తుంది.

మన బండికి ఏముంది?

2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త మోటారు సైకిళ్లకు ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. అంతకంటే చిన్న కొత్త బండ్లకు కనీసం రెండు చక్రాల బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు ఉండాలన్నారు. పాత బండ్లకు ఈ రెండూ లేకపోవచ్చు. అలాంటి బండిని రెండు బ్రేకులూ కలిపి, కొంచెం కొంచెంగా బిగిస్తూ ఆపాలి.

ఏ.బి.ఎస్. ఉన్న బండికి తాళం తిప్పగానే పసుపు దీపం వెలుగుతుంది. కొంచెం దూరం పోయాక ఆరిపోవాలి. ఆరకపోతే మెకానిక్‌కు చూపించాలి.

ఏ.బి.ఎస్. ఉంది కదా అని జోరుగా పోకూడదు. అరిగిన టైరును అది కాపాడలేదు. ఇసుక మీద, కంకర మీద బండి ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం పట్టవచ్చు.

వెనక కూర్చునే వాళ్లూ హెల్మెట్ పెట్టుకోవాలి. “కొంచెం నెమ్మదిగా పో” అని చెప్పడానికి మొహమాటం వద్దు. ప్రాణం అందరిదీ.